అన్నయ్యకు హెచ్‌సీఎం అని తేలింది: ఇంట్లో ఎవరెవరికి పరీక్షలు చేయించాలి, మేనత్త వాళ్లకు చెప్పాలా?

చూడమ్మా, మీరు రాసినదంతా చదివాను. అన్నయ్యకు 31 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, కిందటి నెల బస్టాండులో ఉన్నట్టుండి పడిపోయాడు. ఎకోలో (గుండె స్కాన్‌లో) హెచ్‌ఓసీఎం అని వచ్చింది, అంటే గుండె గోడ మందమై రక్తం దారికి అడ్డం పడే రకం హెచ్‌సీఎం. సెప్టమ్ (రెండు జఠరికల మధ్య గోడ) 22 మి.మీ., గ్రేడియెంట్ 64. నాన్నగారు 39 ఏళ్లకే పొలం గట్టు మీద కుప్పకూలిపోయారు, హార్ట్ ఎటాక్ అనుకున్నారు. మీకు ఈసీజీ నార్మల్ వచ్చింది, పిల్లలిద్దరూ హుషారుగానే ఉన్నారు. చెల్లెలికి మేనత్త కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు, పెళ్లి అయ్యేదాకా ఈ సంగతి బయట పెట్టొద్దని అమ్మగారు పట్టుబడుతున్నారు.

గుండె డాక్టరుగా ఇలాంటి కుటుంబాలను చాలాకాలంగా చూస్తున్నాను కాబట్టి మీరు చివర్లో అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మేనత్తగారికి చెప్పాలి. పెళ్లి మాటలు ముందుకు సాగకముందే చెప్పాలి. ఎందుకన్నది అర్థం కావాలంటే జబ్బు సంగతి కొంచెం తెలియాలి.

ఒంటికంతటికీ రక్తం కొట్టేది ఎడమ జఠరిక. దాని గోడ మందం పెద్దవాళ్లలో మామూలుగా 11 మి.మీ. లోపే ఉంటుంది. బీపీ, కవాటాల జబ్బు లాంటి వేరే కారణమేదీ లేకుండా అది 15 మి.మీ.కి చేరితే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, పొట్టిగా హెచ్‌సీఎం అంటాం. ఇంట్లో ఒకరికి ఉందని తేలాక మాత్రం వాళ్ల రక్తసంబంధీకుల్లో 13 మి.మీ. కనిపించినా తేలిగ్గా తీసుకోం. మందమైన గోడ రక్తం బయటికి వెళ్లే దారికి అడ్డం పడితే రిపోర్టులో హెచ్‌ఓసీఎం అని రాస్తారు. 1958లో లండన్‌లో డోనల్డ్ టియర్ అనే పాథాలజిస్టు, చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్ల గుండెలను పరీక్షించి ఈ మందం గురించి వివరంగా రాశాడు. అప్పట్లో ఎక్కువగా శవపరీక్షలోనే బయటపడేది కాబట్టి ఇది చాలా అరుదనీ, వస్తే బతకరనీ పేరు పడిపోయింది. ఎకో వచ్చాక ఆ లెక్క మారింది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. తెలుసుకుని సరిగ్గా చూసుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది అందరిలాగే పెద్ద వయసు దాకా బతుకుతున్నారు. సరైన చికిత్సలో ఉన్నవాళ్లలో ఈ జబ్బుతో చనిపోయేవాళ్లు ఏడాదికి నూటికి ఒకరు కూడా ఉండరు. అన్నయ్య ఎన్నాళ్లుంటాడని మీరు అడగలేక అడిగారు. మందులు, అవసరమైతే ఆపరేషన్, అవసరమైతే ఐసీడీ (లయ చెడితే షాక్ కొట్టే పరికరం), ఈ మూడింటిలో ఏది ఎప్పుడన్నది సరిగ్గా చూసుకుంటే అన్నయ్య కూడా ఆ ఎక్కువమందిలోనే ఉంటాడని నమ్మవచ్చు.

ఈ జబ్బు మూలం జన్యువుల్లో ఉంది. గుండె కండరం ముడుచుకోవడానికి పనిచేసే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువులో లోపం ఉంటే కండరం అవసరానికి మించి గట్టిగా బిగుసుకుంటుంది, మళ్లీ సరిగ్గా వదులు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మందమవుతుంది. వరసగా ఉండాల్సిన కండరపు పోగులు చిక్కుపడ్డ నూలులా అడ్డదిడ్డంగా పెరుగుతాయి, మధ్యమధ్య మచ్చలు కడతాయి. గుండెలో కరెంటు ఆ మచ్చల దగ్గర దారి తప్పితే లయ చెడి మనిషి క్షణాల్లో పడిపోతాడు. హార్ట్ ఎటాక్ అంటే రక్తనాళంలో గడ్డ అడ్డం పడటం. ఇక్కడ నాళాలు శుభ్రంగా ఉండవచ్చు, యాంజియోగ్రామ్ నార్మల్ రావచ్చు. నాన్నగారికి పోస్టుమార్టం జరగలేదు కాబట్టి ఖాయంగా అనలేం. కానీ అన్నయ్య ఎకో చూశాక ఆయనదీ ఇదేనని పెట్టుకునే ముందుకు నడవాలి.

ఇక రిపోర్టులో 64 అన్న అంకె. గుండె లోపలి ఒత్తిడికీ, అడ్డం దాటాక ఉన్న ఒత్తిడికీ తేడా అది. 30 దాటితే అడ్డం ఉన్నట్టు. 50 దాటి, ఆయాసమో కళ్లు తిరగడమో కూడా ఉండి, మందులతో లొంగకపోతే ఆపరేషన్ మాట వస్తుంది. ఈ అంకె రోజంతా ఒకేలా ఉండదు. ఎకో చేసేటప్పుడు అన్నయ్యను ఊపిరి బిగబట్టి ముక్కమన్నారా, లేపి నిలబెట్టి మళ్లీ చూశారా అని అడగండి. పడుకున్నప్పుడు 20 ఉండి, ముక్కగానే 80కి పోయేవాళ్లు ఉంటారు. పడుకోబెట్టి ఒక్కసారి చూసి అడ్డం లేదని రాసిన రిపోర్టు మీద ఆధారపడకూడదు. ఒంట్లో నీరు తగ్గినా, ఎండలో ఎక్కువసేపు నిలబడ్డా, కడుపు నిండా భోంచేసి వెంటనే నడిచినా, మద్యం తాగినా అడ్డం పెరుగుతుంది. మే నెల ఎండలో పెళ్లి భోజనం చేసి మండపం మెట్లు దిగుతుంటే కళ్లు బైర్లు కమ్మాయని చెప్పే పేషెంట్లు నాకు ఏటా వస్తారు.

మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసిన వాక్యం ఒకటుంది: పక్కింటాయన సార్బిట్రేట్ స్ట్రిప్ ఇచ్చి, నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమన్నారని. ఆ స్ట్రిప్ ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. అది నైట్రేట్ రకం మందు, నాళాలు పూడిన గుండెకు పనికొస్తుంది. అన్నయ్య గుండెకు చెరుపు చేస్తుంది. నాళాలు వదులై గుండెలోకి వచ్చే రక్తం తగ్గుతుంది, జఠరిక చిన్నదవుతుంది, గోడా కవాటమూ దగ్గరికొచ్చి దారి ఇంకా మూసుకుపోతుంది. ఒక కుర్రాడు ఛాతీ నొప్పితో వచ్చాడు. దారిలో బంధువులు ఒక సార్బిట్రేట్ పెట్టారు, తగ్గలేదని ఇంకోటి పెట్టారు. క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద పై బీపీ 70. కాళ్లు ఎత్తి పట్టి, సెలైన్ వేగంగా ఎక్కించాక మనిషి కళ్లు తెరిచాడు. అంతకుముందు ఆ కుర్రాడికి గుండెలో చప్పుడు ఉందని ఎవరో చెబితే ఎకో చేయించుకోలేదు. అడ్డం ఉన్నవాళ్లకు బీపీకి మామూలుగా రాసే ఆమ్లోడిపిన్ కూడా మంచిది కాదు. నీరు పోయే మాత్రలు, సిల్డెనాఫిల్ లాంటివి గుండె డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. జేబులో ఒక కార్డు పెట్టుకోమనండి: నాకు హెచ్‌ఓసీఎం ఉంది, నైట్రేట్లు ఇవ్వవద్దు అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, చిన్న ఆపరేషన్‌కి మత్తు ఇస్తున్నా ఆ కార్డు ముందు చూపించాలి.

అన్నయ్యకు ఇప్పుడు మెటోప్రొలాల్ 25 ఇచ్చారన్నారు. మొదలు సరైనదే. గుండె నెమ్మదిస్తే నిండటానికి సమయం దొరుకుతుంది, అడ్డం తగ్గుతుంది. ఆ డోసు సాధారణంగా చాలదు, నాడి, బీపీ చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. దాన్ని సొంతంగా ఒక్కసారి ఆపేయకూడదు. అది పడకపోతే వెరపమిల్ ఉంది, చాలకపోతే డైసోపిరమైడ్ కలుపుతారు. వీటన్నిటికీ భిన్నమైనది మావకామ్టెన్. కండరం అతిగా బిగుసుకోవడాన్నే తగ్గిస్తుంది, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. మంచి మందే. కానీ ఎక్కువైతే గుండె పంపింగ్ పడిపోతుంది కాబట్టి వరసగా ఎకోలు తీస్తూ వాడాలి. గర్భంతో ఉన్నవాళ్లు వాడకూడదు. ఇంకో సంగతి, మనవాళ్లు గ్యాస్ అని మెడికల్ షాపులో తెచ్చుకుని మింగే ఒమెప్రజోల్ దీని మోతాదును రక్తంలో పెంచేస్తుంది. ఈ మందు మొదలుపెడితే అన్నయ్య వేసుకునే ప్రతి మాత్ర పేరూ డాక్టరుకు చెప్పాల్సిందే.

మందులతో కుదరకపోతే గోడను పలచన చేయడానికి రెండు దారులున్నాయి. ఒకటి మయెక్టమీ, అడ్డంగా ఉన్న కండరాన్ని సర్జన్ కోసి తీసేస్తాడు. రెండోది కాలి దగ్గర నుంచి తీగ పంపి, ఆ కండరానికి రక్తమిచ్చే చిన్న నాళంలో ఆల్కహాల్ ఎక్కించి దాన్ని ఎండగట్టడం. 1990ల మధ్యలో లండన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ దీన్ని మొదలుపెట్టాడు. ఛాతీ తెరవక్కర్లేదు కాబట్టి అందరూ రెండోదే అడుగుతారు. కానీ దాని తర్వాత పదిమందిలో ఒకరికి దాకా పేస్‌మేకర్ అవసరం పడుతుంది. పైగా 31 ఏళ్ల వాడికి కొత్త మచ్చ పెట్టడమంటే నేను వెనకాడతాను. ఈ వయసుకు మయెక్టమీ వైపే నా మొగ్గు, అయితే ఒక్క షరతు: ఆ ఆపరేషన్ తరచుగా చేసే సర్జన్ దగ్గరే చేయించాలి. అలాంటి చోట ప్రాణహాని నూటికి ఒకటి కన్నా తక్కువ. అలవాటు లేని చోట ఆ మాట చెప్పలేం. ఏడాదికి ఎన్ని మయెక్టమీలు చేస్తారని సర్జన్ని సూటిగా అడగండి. మొహమాటపడొద్దు.

ఈ చికిత్సలన్నీ ఆయాసానికి. హఠాత్తుగా పడిపోయే ప్రమాదం సంగతి వేరేగా చూడాలి. మీ అన్నయ్య విషయంలో నాకు ఎక్కువ ఆందోళన దాని గురించే. చూసే గుర్తులివి: ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణం, కారణం తెలియని స్పృహ కోల్పోవడం, గోడ 30 మి.మీ. చేరడం, హోల్టర్‌లో (రోజంతా ఒంటి మీద ఉంచి గుండె లయను నమోదు చేసే పరికరంలో) జఠరిక నుంచి వరసగా వేగంగా వచ్చే దెబ్బలు, ఎంఆర్ఐలో విస్తారంగా మచ్చలు, గుండె కొన దగ్గర ఉబ్బు, పంపింగ్ 50 శాతం కిందికి పడటం. అన్నయ్యకు మొదటిది ఉంది. రెండోది ఉందో లేదో తేల్చాలి. బస్టాండులో పడేముందు వికారం, చెమట, కళ్ల ముందు చీకట్లు కొంతసేపు వచ్చి మెల్లగా జారిపోయాడా, లేక మాట్లాడుతూ మాట్లాడుతూ కట్టె విరిగినట్టు పడ్డాడా? సూట్‌కేస్ మోస్తూ పరుగెత్తాడా? పక్కన ఉన్నవాళ్లను అడిగి రాసిపెట్టండి. రెండో రకం అయితే ఐసీడీ పెట్టించమనే డాక్టర్లు ఎక్కువమంది అంటారు, నేనూ అంటాను. కాలర్ ఎముక కింద చర్మం అడుగున పెట్టే చిన్న పరికరం అది. లయ చెడగానే షాక్ కొట్టి మళ్లీ దారిలో పెడుతుంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది, కొన్నేళ్లకోసారి బ్యాటరీ మార్చాలి, అప్పుడప్పుడూ అక్కర్లేకుండా కూడా షాక్ కొడుతుంది. ఇవన్నీ నిజమే. అయినా ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు దాన్ని మించిన రక్షణ లేదు, మందులు ఆ పని చేయలేవు. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్లందరూ సీపీఆర్ నేర్చుకోండి. మనిషి పడిపోయి ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే ఛాతీ మధ్య గట్టిగా నొక్కడం మొదలుపెట్టాలి. నీళ్లు చల్లుతూ నిలబడకూడదు.

గుండె దడదడలాడుతూ నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. హెచ్‌సీఎం ఉన్న ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అది వచ్చిందంటే వయసుతో సంబంధం లేకుండా రక్తం పలచబడే మందు వాడాలి, లేకపోతే పక్షవాతం ప్రమాదం.

వ్యాయామం పూర్తిగా మానేయమని ఒకప్పుడు మేమే చెప్పేవాళ్లం. ఇప్పుడు అలా చెప్పం. ఒక మోస్తరు వ్యాయామం మేలు చేస్తుందని 2017లో వచ్చిన అధ్యయనం చూపింది. 2023లో వచ్చిన ఇంకోటి, డాక్టర్ల పర్యవేక్షణలో ఉండి గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు కూడా మిగతావాళ్ల కన్నా ప్రమాదం ఎక్కువ కనిపించలేదని చెప్పింది. అయితే అన్నయ్య ఇప్పుడు 64 గ్రేడియెంట్‌తో, పడిపోయిన చరిత్రతో ఉన్నాడు. కాబట్టి ప్రస్తుతానికి మాట్లాడుతూ నడవగలిగినంత నడక చాలు. బరువులెత్తడం, పందెం పెట్టుకుని పరుగెత్తడం వద్దు. నడకదారిలో వస్తానని మొక్కు ఉందని రాశారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గ్రేడియెంట్ తగ్గి డాక్టర్ సరేననేదాకా కొండకు బస్సులోనే వెళ్లమనండి. నీళ్లు బాగా తాగాలి, నిర్జల ఉపవాసాలు చేయకూడదు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు మీ సంగతి. ఈ లోపం తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఆడామగా తేడా లేదు. నాన్నగారి నుంచి వచ్చిందనుకుంటే మీకూ చెల్లెలికీ ఒక్కొక్కరికి సగం అవకాశం. మీ ఈసీజీ నార్మల్ రావడం మంచిదే కానీ దాంతో తేలిపోదు. జబ్బు ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఈసీజీ నార్మల్‌గా ఉంటుంది. మీరిద్దరూ ఎకో చేయించుకోండి. ఈ కుటుంబంలో హెచ్‌సీఎం ఉందని కాగితం మీద రాసి ఇవ్వండి, లేకపోతే హడావిడిలో 13 మి.మీ. గోడ దాటిపోతుంది. ఇప్పుడు నార్మల్ వచ్చినా పెద్దవాళ్లకు మూడు నుంచి అయిదేళ్లకోసారి మళ్లీ చూడాలి, ఎందుకంటే గోడ నలభైల్లో మందం కావడం మొదలైనవాళ్లూ ఉన్నారు. మీ పిల్లలకు కూడా ఒకసారి ఈసీజీ, ఎకో చేయించండి. నాన్నగారు అంత చిన్న వయసులో పోయారు కాబట్టి ఎదిగే వయసంతా ఒకటి రెండేళ్లకోసారి చూపించడం మంచిది. పరీక్ష అయ్యేదాకా వాళ్ల ఆటలు మాన్పించి భయపెట్టకండి. ఆడుకుంటూ పడిపోవడం, ఛాతీ నొప్పి లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా తీసుకెళ్లండి.

జన్యు పరీక్ష ముందు అన్నయ్యకే చేయించాలి. జబ్బున్న మనిషిలో తప్పు ఎక్కడుందో దొరికితేనే మిగతావాళ్లలో దాని కోసం వెతకగలం. దొరికితే, అది లేనివాళ్లకు జీవితాంతం ఎకోల బెడద తప్పుతుంది. దొరకకపోవడమూ మామూలే. సుమారు సగం మందిలో ఏమీ తేలదు. అప్పుడు జబ్బు లేదని కాదు, ఎకోలతోనే అందరినీ గమనిస్తూ ఉండాలి. కొన్నిసార్లు ఫాబ్రీ లాంటి వేరే జబ్బు ఇదే రూపంలో వచ్చి, వేరే చికిత్స కావాల్సి వస్తుంది. పరీక్షలో అదీ బయటపడవచ్చు. మీరు ఇంటర్నెట్‌లో చూసిన, భారతీయుల్లో నూటికి నలుగురికి ఉండే లోపం సంగతి కూడా చెబుతాను. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధనా సంస్థలో తంగరాజ్ బృందం 2009లో గుండె కండరపు ప్రొటీను ఒకదాన్ని తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోవడం గురించి ప్రచురించింది. దక్షిణాసియా జనాభాలో సుమారు 4 శాతం మందిలో అది ఉంది. దాంతోపాటు అదే జన్యువులో మరో మార్పు కూడా ఉన్న కొద్దిమందిలోనే అసలు ప్రమాదం కనిపిస్తోందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. కాబట్టి రిపోర్టులో అది ఒక్కటే కనిపిస్తే కంగారుపడి ఎవరూ ఐసీడీ పెట్టించుకోనక్కర్లేదు. రిపోర్టు చదివి చెప్పడానికి జెనెటిక్స్ డాక్టరు కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ఇక పెళ్లి. నాన్నగారికి వాళ్ల అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉంటే, మేనత్తగారికీ సగం అవకాశం ఉంది. అంటే ఆమె కొడుక్కి నాలుగో వంతు, మీ చెల్లెలికి సగం. ఇద్దరికీ ఉండి పెళ్లయితే, ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశంతో బిడ్డకు రెండు వైపుల నుంచీ అదే లోపం వస్తుంది. అలాంటి పిల్లల్లో కొందరికి పుట్టిన కొన్నాళ్లకే గుండె విఫలమవుతుంది. మేనరికాల్లో పుట్టిన అలాంటి పసిబిడ్డలను చూసే నేనింత గట్టిగా చెబుతున్నాను. ఇద్దరికీ ఎకో, అన్నయ్య లోపం దొరికితే ఇద్దరికీ ఆ ఒక్క లోపానికి జన్యు పరీక్ష చేయించి, ఆ తర్వాత నిర్ణయించుకోండి. ఒక్కరికే ఉందని తేలితే పెళ్లికీ పిల్లలకీ అదే అడ్డంకి కాదు. ఈ జబ్బున్న ఆడవాళ్లలో ఎక్కువమంది గుండె డాక్టరు పర్యవేక్షణలో క్షేమంగా కంటున్నారు.

అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. ఒక కూతురు పెళ్లికి నిలబడి ఉన్నప్పుడు ఇంటిపేరు మీద గుండె జబ్బు అన్న మాట పడితే ఏమవుతుందోనన్న దిగులు అది. కానీ ఆమె ఎవరి దగ్గర దాస్తున్నారో చూడండి. నాన్నగారి సొంత చెల్లెలు, ఆమె కొడుకు. తెలియాల్సిన అవసరం అందరికన్నా వాళ్లకే ఎక్కువ. బాబాయిలు, పెదనాన్నలు ఉంటే వాళ్లకూ. అమ్మగారు నోరు తెరిచి చెప్పలేకపోతే అన్నయ్య డాక్టరు దగ్గర రక్తసంబంధీకులకు ఇవ్వడానికి ఒక ఉత్తరం రాయించుకోండి. ఇలాంటి ఉత్తరాలు మేం రాసిస్తాం. అందులో పెళ్లి ప్రస్తావన ఉండదు, అందరూ ఎకో చేయించుకోవాలని మాత్రమే ఉంటుంది.

ఇన్సూరెన్స్ అడిగారు. ప్రపోజల్ ఫారంలో ఏదీ దాచకండి, దాస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది. జన్యుపరమైన జబ్బు అన్న ఒక్క కారణంతో కాదనడం వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన పాలసీదారుకు ఉన్నది కూడా హెచ్‌ఓసీఎమ్మే. ముందే ఉన్న జబ్బులకు హెల్త్ పాలసీలో వేచి ఉండే కాలం మూడేళ్లు మించకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది.

ఈ వారంలో చేయాల్సినవి: సార్బిట్రేట్ తీసేయడం, అన్నయ్యకు హోల్టర్, కాంట్రాస్ట్‌తో గుండె ఎంఆర్ఐ, మీకూ చెల్లెలికీ ఎకో. హోల్టర్, ఎంఆర్ఐ రిపోర్టులు వచ్చాక పేర్లు చెరిపేసి ఇక్కడే పెట్టండి, బస్టాండులో చూసినవాళ్లు ఏం చెప్పారో కూడా రాయండి. ఐసీడీ సంగతి అవి చూశాక చెబుతాను. ఈలోగా మళ్లీ పడిపోయినా, పడిపోబోయినట్టు అనిపించినా నా జవాబు కోసం ఆగకుండా ఆస్పత్రిలో చేర్పించండి.